బయటికి పోయే ఊపిరి
(ఖుర్దారోడ్డు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు ఆస్పత్రి మాట ఏమిటని కొందరికి అనిపించవచ్చును. కాని ఉబ్బసపు పిల్లలున్న ఇండ్లు మనలోను ఉన్నవి. బిడ్డను ఊపిరి యంత్రముపై, అనగా వెంటిలేటరుపై పెట్టినప్పుడు, డాక్టరుగారు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చెప్పే మాట కన్నవారికి సగమే అందుచున్నది. మేము వైద్యులము కాము, రైల్వే గుమాస్తాలము. తెలిసినవారిని అడిగి తెలుసుకొన్నది మనవి చేయుచున్నాము.

ఉబ్బసములో చిక్కు ఊపిరి లోపలికి పోవుటలో కంటె బయటికి వచ్చుటలోనే ఎక్కువ. శ్వాసనాళములు బిగిసి, వాచి, కళ్లెతో పూడును. పోయిన గాలి తిరిగి రాక రొమ్ములో నిలిచిపోవును. ముందు బండి సెక్షను దాటి లైన్ క్లియర్ రానిదే వెనుక బండిని వదలము గదా! ఇదియు అంతే. పాత ఊపిరి పోకముందే యంత్రము కొత్త ఊపిరి తోసినచో ఊపిరితిత్తులు ఉబ్బి చిట్లవచ్చును. గుండెకు తిరిగి వచ్చే రక్తము అడ్డుపడవచ్చును.

అందుచేత బిడ్డకు మత్తు ఇచ్చి, యంత్రమును నెమ్మదిగా నడుపుదురు. స్విట్జర్లాండు వైద్యులు డారియోలీ, పెరె అను వారు 26 మంది రోగులకు 34 పర్యాయములు ఇట్లు నడిపి, ఒక్కరును మరణించలేదని 1984లో ప్రకటించిరి. తరువాత పిల్లల వైద్యమునకును ఈ పద్ధతి వచ్చినది.

డాక్టర్లు కనిపెట్టి చూచునవి ముఖ్యముగా నాలుగు. మొదటిది, తెరమీది గాలి గీత. విడిచిన ఊపిరి గీత సున్నకు చేరిన పిదపనే మరియొక ఊపిరి రావలెను. రెండవది, ఊపిరిని క్షణము నిలిపి కొలిచే ఒత్తిడి. దానిని సాధారణముగా 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి లోపుగా ఉంచుదురు. మూడవది, రక్తములోని బొగ్గుపులుసు వాయువు. ప్రాణవాయువు చాలినంత ఉండి, రక్తపు పి.హెచ్. 7.2కు దిగనంతవరకు, అది కొంత పెరిగినను ఓర్తురు. నాలుగవది, రక్తపు పోటు. హఠాత్తుగా పడిపోయినచో గొట్టమును కొద్ది సెకండ్లు విడదీసి, చిక్కిన గాలిని వదలుదురు. అప్పటికిని తేరుకోనిచో ఊపిరితిత్తి చిట్లినదేమో చూతురు.

"యంత్రము ఇంత నెమ్మదిగా ఆడుచున్నదేమమ్మా, జోరు చేయించండి" అని నర్సమ్మను బతిమాలిన తండ్రిని మేమెరుగుదుము. ఆ నెమ్మదియే బిడ్డకు రక్ష. మనము అడుగవలసినది ఒక్కటే: "అయ్యా, ఊపిరి పూర్తిగా బయటికి పోవుచున్నదా?"

యంత్రము దాకా పోకుండుటయే మేలు. డాక్టరు వ్రాసిన రోజువారీ ఇన్‌హేలరును, ఆయాసము తగ్గినదని మనంతట మనము మాన్పరాదు. బిడ్డ మాట పూర్తి చేయలేకపోయినను, పక్కటెముకల నడుమ గుంటలు పడినను, పెదవులు నీలమైనను, వెంటనే 108కి ఫోను చేయవలెను. పిల్లికూతలు ఆగి బిడ్డ సోలిపోయినచో, తగ్గినదని సంతోషించరాదు. అది గాలి ఆడక వచ్చిన నిశ్శబ్దము కావచ్చును.

సంఘమువారికి ఒక మనవి. అర్ధరాత్రి ఆస్పత్రికి తోడువచ్చి, రెండు భాషల నడుమ మాట చెప్పగలవారి పేర్లు కార్యాలయపు గోడమీద వ్రాసి ఉంచుడు. మా పేరు మొదట వ్రాసికొనుడు.