వేసవి అల్లికలు: దారము, తప్పు, సవరణ

ఎండలు ముదిరిన తరువాత, మధ్యాహ్న భోజనము ముగించి, కిటికీలు మూసికొని ఇంటిలో కూర్చుండు రెండు మూడు గంటలు మన స్త్రీలలో పలువురకు అల్లికపని గంటలు. శీతకాలపు స్వెట్టరును గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. వేసవి అల్లిక వేరు. దానికి దారము వేరు, తప్పులును వేరు. ఏ తప్పును విప్పవలెను, దేనిని విడిచిపెట్టవచ్చును అనునది తోచకనే అనేకుల పెట్టెలలో సగము అల్లిన పనులు మూలుగుచున్నవి. నేడు మేము ముఖ్యముగా దానిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

మొదట దారము మాట. ఉన్నికి సాగి మరల ముడుచుకొను గుణము కలదు. ఒక కుట్టు బిగువుగాను, ప్రక్క కుట్టు వదులుగాను పడినను, ఉతికి ఆరవేసినచో అది చాలవరకు సర్దుకొనును. నూలుకు ఆ దయ లేదు. అయినను మన వేసవికి నూలే తగినది. అది చెమటను పీల్చును. తడిసినప్పుడు బలము తగ్గదు సరికదా, కొంత హెచ్చును. అక్రిలిక్ దారము చవుక, రంగులు మనోహరములు. కాని చెమట పీల్చదు. రోహిణీకార్తెలో పసిబిడ్డకు దానితో చొక్కా తొడుగుట బిడ్డను శిక్షించుటయే. రేయాన్ జాతి దారము చల్లగా, నిగనిగలాడుచు ఉండును గాని తడిసిన బలహీనపడును. ఇప్పుడు వెదురు దారమని అమ్మునది చాలవరకు ఈ జాతిదే.

అంగడిలో మెర్సిరైజ్డ్ అని చీటీ అంటించిన నూలు కనబడును. 1850లో జాన్ మెర్సర్ అను ఆంగ్లేయుడు నూలును గాఢమైన క్షారద్రావణములో ముంచు పద్ధతికి పేటెంటు పొందెను. తరువాత 1890 ప్రాంతమున హోరేస్ లో అను నతడు, దారమును బిగువుగా లాగిపట్టి ఆ పని చేసినచో నిగారింపు వచ్చునని చూపెను. దీనికి నూగు తక్కువ. కుట్టు స్పష్టముగా తెలియును. తప్పును అంత స్పష్టముగానే తెలియును! లేసు దారమునకు నంబరు హెచ్చినకొలది సన్నదనము హెచ్చును. క్రొత్తగా నేర్చుకొనువారు 10వ నంబరుతో ఆరంభించుట మేలు. 60తో ఆరంభించినవారు వారము తిరుగకముందే తమ కన్నులను తిట్టుకొందురు.

చీటీమీద రంగు పేరే కాక, అద్దకపు సంఖ్య కూడ ఉండును. ఒక వేసవిలో మేము బల్లగుడ్డ తలపెట్టి, ఆ సంఖ్య చూడక ఐదు ఉండలు కొంటిమి. చాలలేదు. మరి రెండు తెచ్చితిమి. రాత్రి దీపము వెలుగులో అన్నియు ఒకే మీగడ రంగు. తెల్లవారి చూతుము గదా, నడుమ చారవలె తేడా! ఆ బల్లగుడ్డను నేటికిని మా యింట ఆ భాగము గోడవైపునకు వచ్చునట్లే పరచుచున్నాము.

నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరిన పిమ్మట కొలువవలెను. మొదటి ఉతుకులో నూలు కుంచించుకొనవచ్చును గనుక ఉతుకకముందరి కొలత నమ్మదగినది కాదు. నాలుగంగుళములకు 20 కుట్లు రావలసినచోట 22 వచ్చినచో, 36 అంగుళముల చుట్టుకొలతకని వేసిన 180 కుట్లలో మూడంగుళములకు పైగా తగ్గిపోవును. అల్లిన రవిక అమ్మాయికి పట్టక, ఆమె చెల్లెలికి పోవును.

ఇక తప్పులు. మా అనుభవములో అవి రెండు తెగలు: లెక్కను మార్చునవి, రూపును మాత్రమే మార్చునవి. ఒకచోట పొడుగు కుట్టుకు బదులు పొట్టి కుట్టు పడి, లెక్క సరిపోయినచో, దానిని విడిచి ముందుకు సాగుడు. లెక్క మారినచో వెంటనే విప్పుడు. సూదికి ఒకమారు దారము చుట్టి వేయు పొడుగు కుట్టుతో వలయము అల్లునప్పుడు సాధారణముగా వరుసకు 12 చొప్పున పెంచుదుము: 12, 24, 36. పెంపు ఎక్కువైన అంచు అలలు తిరుగును; తక్కువైన ముక్క గిన్నెవలె లేచును. ఇస్త్రీతో అణచవచ్చునని పలువురు ఆశపడుదురు. అణగినట్లే ఉండి, ఉతికిన నాడు మరల లేచును.

కొక్కెపు సూది పనిలో తెరచియున్న ముడి సాధారణముగా ఒక్కటే గనుక విప్పుట సులువు. రెండు సూదుల అల్లికలో వరుస అంతయు తెరచియే యుండును. ఒక కుట్టు జారినచో నిచ్చెన మెట్లవలె క్రిందికి దిగును. అప్పుడు కంగారుపడి అంతయు లాగివేయక, కొక్కెపు సూదితో ఒక్కొక్క మెట్టును పైకి అల్లుకొని రావలెను. పది వరుసల కొకసారి వేరురంగు దారమును కుట్లన్నిటి గుండ ఎక్కించి ఉంచినచో, విప్పునప్పుడు పని అచ్చటనే ఆగును.

విప్పుట మనకు ఒక మధ్యాహ్నపు నష్టము. నరసాపురము ప్రాంతపు లేసు స్త్రీలకు అది కూలి నష్టము. పందొమ్మిదవ శతాబ్దములో మిషనరీల ద్వారా గోదావరి తీరమునకు వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పువ్వులు ఒకరు అల్లగా మరొకరు అతుకు వేయుట అచ్చటి వాడుక. ఒక పువ్వులో లెక్క తప్పినచో అతికిన గుడ్డ అంతయు ముడుతపడును. ముక్క లెక్కన కూలి పుచ్చుకొను స్త్రీకి విప్పిన గంటకు కూలి లేదు. వీరిని గూర్చి మరియా మీస్ అను పండితురాలు 1982లో ప్రకటించిన గ్రంథములో, ఇంటివద్ద తీరిక వేళ చేయు పని యను పేరుతో వీరి శ్రమ లెక్కకు రాకుండుటను వివరించినది. లేసు కొనునప్పుడు మీటరుకు పది రూపాయలు తగ్గించుమని పట్టుపట్టు సోదరీమణులు, ఒక్క పువ్వు తాము అల్లి, విప్పి, మరల అల్లి చూచినచో బాగుండును.

విప్పిన దారమును పారవేయ నక్కరలేదు. కుర్చీ వీపునకు చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, నీటిలో తడిపి, చిన్న బరువు వ్రేలాడగట్టి నీడలో ఆరనిచ్చినచో వంకరలు చాలవరకు పోవును. అయితే పలుమార్లు విప్పిన దారమునకు నూగు లేచును. దానిని గుడ్డ నడుమ గాక అంచులకు వాడుకొనుడు. తెల్లదారము పట్టుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొని, చెమట తుడుచుకొనుటకు చిన్న తువాలు ఒడిలో ఉంచుకొనుడు. ఉండను ఇత్తడి చెంబులో వేసినచో నేలపై దొరలదు, మాసిపోదు.