డయాలసిస్ గదిలో కొత్త నర్సు



కోఠి అనగానే బేరాలు గుర్తుకొస్తాయి. చీరలు, గాజులు, పాత పుస్తకాలు. కానీ కోఠి దవాఖానల చోటు కూడా. చెవి, ముక్కు, గొంతు దవాఖాన అక్కడే. సుల్తాన్ బజార్ కాన్పుల దవాఖాన అక్కడే. ఉస్మానియా మెడికల్ కాలేజీ కూడా అక్కడే. పుత్లీబౌలి దాటి అఫ్జల్‌గంజ్ పోతే, మూసీ ఒడ్డున ఉస్మానియా పెద్ద దవాఖాన.

ఆ కాలేజీ మొదట్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్. 1885లో అందులో చేరిన ఆడవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ఆపరేషన్ ముందు రోగికి మత్తు ఇవ్వడం ఆమె పని. అప్పటికి అది కొత్త పని. ఆడవాళ్లు చేస్తారని ఎవరూ అనుకోని పని.

ఇప్పుడు మన ఇళ్ల ఆడపిల్లలు చేస్తున్న కొత్త పని ఒకటుంది. అదే డయాలసిస్ నర్సు పని.

మన వెన్నెముకకు అటూ ఇటూ రెండు కిడ్నీలు ఉంటాయి. ఒక్కోటి పిడికిలంత. అవి పగలూ రాత్రీ నెత్తుటిని వడపోస్తాయి. చెడును, ఎక్కువైన నీటిని మూత్రంగా పంపిస్తాయి. షుగరు, బి.పి. ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కిడ్నీలు పాడవుతాయి. డాక్టరును అడగకుండా నొప్పుల గోళీలు మింగుతూ పోయినా పాడవుతాయి. పూర్తిగా పాడైతే వేరొకరి కిడ్నీ పెట్టాలి. లేదా డయాలసిస్ చేయాలి.

డయాలసిస్ అంటే మిషనుతో నెత్తురు కడగడం. చేతికి రెండు సూదులు పెడతారు. ఒక సూది నుంచి నెత్తురు గొట్టంలోకి వస్తుంది. జల్లెడలాంటి దాంట్లో శుభ్రమవుతుంది. రెండో సూది నుంచి తిరిగి ఒంట్లోకి పోతుంది. ఒక్కసారికి నాలుగు గంటలు. వారానికి రెండు, మూడు సార్లు. ఒక్కొక్కసారికి దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఎన్ని బిందెలో లెక్క కట్టండి!

ఇలాంటి మిషనును 1943లో నెదర్లాండ్స్ దేశంలో కోల్ఫ్ అనే డాక్టరు చేశాడు. అప్పుడు యుద్ధం నడుస్తోంది. మొదట వైద్యం చేసినవాళ్లలో చాలామంది దక్కలేదు. ఆయన వదిలిపెట్టలేదు. 1945లో 67 ఏళ్ల ఒకామె బతికి లేచింది.

ఇక మన కొత్త నర్సు సంగతి. పల్లె నుంచి వచ్చిన పిల్ల అనుకోండి. ఇంటర్ అయింది. మూడేళ్లు నర్సు చదువు చదివింది. నర్సుల కౌన్సిల్‌లో పేరు రాయించుకుంది. కోఠిలో బస్సు దిగి, మొదటి రోజు డయాలసిస్ గదిలోకి వచ్చింది.

గది చూసి ఆమెకు కాళ్లు వణికాయి. వరసగా మంచాలు. మంచానికో మిషను. మనిషి నెత్తురు బయట గొట్టాల్లో తిరుగుతోంది! ఒక మిషను కుయ్‌మంటే ఉలిక్కిపడింది. ఇంకోటి కుయ్‌మంటే అటు ఉరికింది.

పెద్ద సిస్టరు ఆమె చేతికి సూది ఇవ్వలేదు. "ముందు బరువు చూసి రాయమ్మా" అంది. వచ్చినవాళ్లను కాంటా మీద నిలబెట్టడం, అంకె రాయడం, బి.పి. చూడడం. కొన్ని వారాలు ఇదే పని. ఇంత చదివింది దీనికా అని ఆ పిల్ల మనసులో అనుకుంది.

ఒకరోజు ఒక పెద్దమ్మ వచ్చింది. ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు ఆమె బరువు 50 కిలోలు. ఆ రోజు కాంటా 53న్నర చూపింది. మూడు రోజుల్లో ఎవరికీ అంత కండ రాదు. అది నీరు. మూత్రం రాదు కాబట్టి తాగింది తాగినట్టు ఒంట్లోనే నిలిచింది. ఆ నీరంతా నాలుగు గంటల్లో మిషను లాగాలి.

మూడో గంటలో పెద్దమ్మ ఆవులించింది. మళ్లీ ఆవులించింది. నిద్ర వస్తోందేమో అనుకుంది కొత్త నర్సు. మిషను కుయ్‌మనలేదు. కానీ పెద్దమ్మ నుదుటి మీద చెమట కనిపించింది. ఫ్యాను తిరుగుతుంటే చెమట ఏమిటి? బి.పి. చూసింది. 80. గట్టిగా పిలిచింది, "సిస్టర్!"

పెద్ద సిస్టరు ఉరికొచ్చింది. నీరు లాగడం ఆపింది. తల కిందికి దించి, కాళ్లు ఎత్తింది. సెలైన్ ఎక్కించింది. కాసేపటికి పెద్దమ్మ కళ్లు తెరిచింది.

"ఏం తాగినవ్ పెద్దమ్మా?"

"చుట్టాలొచ్చిండ్రు బిడ్డా. బోండాలు తెచ్చిండ్రు. వద్దంటే ఏమనుకుంటరో అని తాగిన."

చూశారా! రోగిని చూడబోతే మనం కొబ్బరి బోండాలే తీసుకుపోతాం. ప్రేమతోనే. కానీ కిడ్నీ రోగికి అవి చెరుపు. కొబ్బరి నీళ్లలో, అరటిపండులో పొటాషియం అనే లవణం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఏం తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరును అడగాలి. చుట్టాలను నొప్పించినా ఫరవాలేదు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల బరువు అంకెను ఊరికే రాయలేదు. "ఎట్ల పెరిగింది?" అని అడిగి రాసింది.

ఇంకోటి కూడా నేర్చుకుంది. డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేళ్లు పెడితే జుమ్మని తగులుతుంది. ఆ జుమ్మనడం ఆగితే వెంటనే దవాఖానకు రావాలి. ఆ చేతికి బి.పి. చూడకూడదు. వేరే సూదులు వేయించుకోకూడదు. బరువు మోయకూడదు. బిగుతు గాజులు వద్దు.

ఈ గాజుల మాటే కష్టం. గాజులు తియ్యమంటే ఏ ముత్తయిదువ ఒప్పుకుంటుంది? "ఇవేం మాటలు!" అని పెద్దమ్మ కోపం చేసింది. కొత్త నర్సు ఆలోచించి, "ఆ చేతివి కూడా ఈ చేతికే వేసుకో పెద్దమ్మా, నిండుగ ఉంటది" అంది. పెద్దమ్మ నవ్వింది. తీసి ఇటు వేసుకుంది.

ఒకప్పుడు డయాలసిస్ కోసం పొలాలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాళ్లకు ఇది ఉచితంగా దొరకడం మొదలైంది. 2016లో దేశమంతా జిల్లా దవాఖానల్లో ఉచిత డయాలసిస్ పథకం మొదలుపెట్టారు. అందుకే ఈ పని తెలిసిన నర్సుల అవసరం పెరిగింది. పనిలో ప్రమాదమూ ఉంది. నెత్తురుతో పని కదా. కాబట్టి చేతికి తొడుగు లేకుండా నర్సు గొట్టం ముట్టుకోకూడదు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ బి రాకుండా టీకాలు వేయించుకోవాలి.

కొన్ని నెలలకు పెద్ద సిస్టరు కొత్త నర్సుకు సూది ఇచ్చింది. మంచం మీద ఆ పెద్దమ్మే ఉంది. పిల్ల చెయ్యి కొంచెం వణికింది. పెద్దమ్మ చూసింది.

"ఎయ్యి బిడ్డా" అని చెయ్యి చాపింది. "ఈసారి కాంటా నేనే చదువుకున్న. యాభై ఒకటిన్నర. బోండాం ముట్టలే."