చెకుముకి తుపాకి - కాగితం మీద లెక్క

(కొండపల్లిలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు "అమెరికా ముచ్చట ఏదైనా చెప్పండి, నయాగరా తప్ప" అన్నారు. అందుకని తుపాకి ముచ్చట ఎంచుకున్నాను. భయపడకండి. నేను జీవితంలో తుపాకి పేల్చినవాణ్ణి కాను. పద్దుల సెక్షనులో ముప్ఫై నాలుగేళ్ళు అంకెలు కూడినవాణ్ణి. ఈ ముచ్చటలో నా పాత్ర కూడా అదే.

మనం కూర్చున్న ఈ ఊరికి తుపాకి కొత్త కాదు. పైన కనిపిస్తున్న కోట 1766లో ఇంగ్లీషువారి వశమైంది. తరువాత చాలాకాలం అక్కడ సిపాయిల దండు ఉండేది, 1859లో ఎత్తేశారు. మొదటి రోజుల్లో ఆ సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులే. గొట్టం లోపల గాడులుండవు, నున్నగా ఉంటుంది. మందు, గుండు రెండూ మూతిలోంచే పోసి కడ్డీతో దట్టించాలి. పక్కన చిన్న పళ్ళెంలో చిటికెడు మెత్తటి మందు వేస్తారు. దానికి మన భాషలో రంజకం అని చక్కని పేరుంది. చెకుముకి రాయి ఉక్కు మీద గీసుకుంటే నిప్పురవ్వ రంజకంలో పడుతుంది, ఆ మంట తుపాకి చెవిలోంచి లోపలి మందుకు అందుతుంది. ట్రిగ్గర్ నొక్కడానికీ దెబ్బ పేలడానికీ మధ్య కంటికి తెలిసేంత వ్యవధి ఉంటుంది. ఆ క్షణంలో చెయ్యి కదిలిందా, గురి పోయినట్టే.

మా ఊరు ఈ కొండల అంచునే. మా నాన్నగారికి పంట కాపలాకు లైసెన్సు మీద ఒక నాటు తుపాకి ఉండేది. అది చెకుముకిది కాదు, దాని తరువాతి తరం, టోపీ పెట్టి పేల్చేది. దట్టించే పద్ధతి మాత్రం ఒక్కటే. వెదురు గొట్టంతో మందు కొలిచి పోసేవారు. పైన కొబ్బరి పీచు, ఆ పైన సీసపు రవ్వలు, మళ్ళీ పీచు. అంతా దట్టించాక కడ్డీ మూతి దాటి ఎంత పైకి నిలిచిందో వేళ్ళతో కొలిచేవారు. నాలుగు వేళ్ళు ఉండాలి. అయిదు వేళ్ళు లేస్తే తిరిగి ఊడదీసేవారు. "ఆరో వేలు లేచిందంటే భుజం మనది కాదురా" అనేవారు. ఏడాదికొకసారి చిరిగిన తాటాకు చాప చింతచెట్టుకు ఆనించి ఒక్క దెబ్బ పేల్చి, చిల్లులు లెక్కపెట్టమని నాకు పురమాయించేవారు. పదేళ్ళవాణ్ణి, ఎందుకో అడగలేదు.

2018 మార్చి నుంచి ఆగస్టు దాకా మేమిద్దరం మా అబ్బాయి దగ్గర, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్నాం. పక్కింటాయన నా ఈడువాడే, రిటైరయిన మెకానిక్కు. ఒకరోజు వాళ్ళ షెడ్డులో చెకుముకి తుపాకి చూసి ఆశ్చర్యపోయాను. మ్యూజియం వస్తువేమో అనుకున్నాను. కాదట. 1974లో ఆ రాష్ట్రం జింకల వేటకు చలికాలంలో చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా ఒక సీజను పెట్టింది. అప్పటి నుంచి అక్కడ ఇది కొనసాగుతున్న అలవాటు. ఈయన మాత్రం దాంతో వసంతకాలంలో అడవి టర్కీ కోడి కోసం వెళ్ళాలని చూస్తున్నాడు.

టర్కీ కోడి గురించి రెండు మాటలు. పుట్టింది అమెరికా అడవుల్లో. పేరు మాత్రం టర్కీ దేశానిది. మన దేశంలో 1612లోనే జహంగీరు చక్రవర్తికి గోవా నుంచి ఒకటి తెప్పించారు. ఆయన దాన్ని ముచ్చటపడి వర్ణించి, మన్సూర్ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించాడు. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదటికి వేట వల్లా, అడవులు నరకడం వల్లా ఇది చాలాచోట్ల కనుమరుగైంది. ఫారాల్లో పెంచి వదిలిన కోళ్ళు అడవిలో నిలవలేదు. అడవిలో ఉన్నవాటినే వలలతో పట్టి వేరేచోట్ల వదిలితే నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు సీజను, లైసెన్సు, ఎన్ని కొట్టాలి, రోజులో ఎప్పటిదాకా కొట్టాలి, అన్నిటికీ నిబంధనలున్నాయి. వసంతంలో గడ్డపు ఈకలున్న పక్షినే కొట్టాలి. అంటే దాదాపు ఎప్పుడూ పుంజే. రవ్వ కూడా 4వ నంబరు సీసానికి మించి పెద్దది వాడరాదు.

ఈయన బాధ వేరు. అంతకు ముందు వసంతంలో మందు బాగా ఎక్కువ పోసి దూరంగా ఉన్న పుంజును కొట్టాడు. అది పడింది, లేచింది, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. వేళ ముగిసేదాకా వెతికినా దొరకలేదు. ఎక్కడో పడి చచ్చి ఉంటుంది. ఈసారి కాగితం ఒప్పుకుంటేనే అడవికి వెళ్తానని ఆయన పట్టుదల. టర్కీని శరీరం మీద కొడితే లాభం లేదు, మందమైన ఈకలు, కండ. తలా మెడా ఉన్న కాస్త మేరలోనే నాలుగైదు రవ్వలు పడాలి. అప్పుడే అది నిలుచున్నచోట కూలుతుంది. నేను లెక్కల మనిషినని మా అబ్బాయి చెప్పగానే ఆయన నా చేతికి పెన్సిలిచ్చాడు.

ముందు కొలతల సంగతి. 12 బోరు, 20 బోరు అంటారు కదా, ఆ అంకె ఎక్కడిదో నాకు అక్కడే తెలిసింది. ఆ గొట్టానికి సరిపడే సీసపు గుండ్లు పౌనుకు ఎన్ని తూగితే అది అన్ని బోర్లు. అందుకే అంకె పెరిగే కొద్దీ గొట్టం సన్నం. ఈయనది 20 బోరు. మందును గ్రెయిన్లలో చెబుతారు. మనకు తులం అంటే 180 గ్రెయిన్లు, కనుక 70 గ్రెయిన్లంటే అర తులం కూడా కాదు. అయితే తూకం వేయరు. మనం గిద్దతో, సోలతో కొలిచినట్టు ఒక ఇత్తడి కొలపాత్రతో కొలుస్తారు. అసలు కిటుకు ఏమిటంటే, అదే పాత్రతో మందు ఎంత కొలిస్తే రవ్వలూ అంతే కొలవడం. ఇది మొదటి మెట్టు. 70 గుర్తు దాకా రవ్వలు పోస్తే ఇంచుమించు ఒక ఔన్సు, అంటే రెండున్నర తులాలకు కాస్త తక్కువ. 6వ నంబరు సీసపు రవ్వలు ఔన్సుకు సుమారు 225.

పెద్ద కాగితం మీద టర్కీ తల, మెడ గీసి, చుట్టూ 10 అంగుళాల వృత్తం గీసి, 20 గజాల దూరాన నిలబెట్టాం. ఒక్క దెబ్బ చూసి తీర్పు చెప్పకూడదని ప్రతి రకానికీ మూడేసి కాగితాలు. దెబ్బ దెబ్బకీ గొట్టం తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మసి పేరుకుని తరువాతి దెబ్బ లెక్క మారిపోతుంది. ఇంత ఓపిక మన ఆడిట్ పార్టీలకు కూడా లేదు.

మొదట ఆయన పాత పద్ధతే పేల్చాడు. మందు 90, రవ్వలు 70. చప్పుడు బ్రహ్మాండం, పొగ బ్రహ్మాండం. కాగితం దగ్గరకు వెళ్ళి చూస్తే వృత్తంలో సగటున 24 చిల్లులు. అవి కూడా అంచుల్లో. మధ్యలో దొన్నె పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోంచే కిందటేడు పుంజు తప్పించుకుంది.

రెండోది, మందు 70, రవ్వలు 70. సగటు 39. మందు తగ్గిస్తే చిల్లులు పెరగడమేమిటని నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఆయన వివరించాడు. మందు ఎక్కువైతే వెనకనుంచి తన్నే ఊపుకు రవ్వలు నలిగి వంకరపోతాయి, మూతి దాటగానే చెదిరిపోతాయి. మన రైతు వడ్లు వెదజల్లేటప్పుడు గుప్పెడు మెల్లగా వదిలితే ఒకచోట పడతాయి, విసురుగా కొడితే మడంతా చల్లినట్టవుతుంది. అదే సూత్రం.

తరువాత దట్టించే బిళ్ళలు మార్చాడు. మందుకూ రవ్వలకూ మధ్య ఆయన వేసే దళసరి ఉన్నిబిళ్ళ మూతి దాటాక రవ్వల్లోకి దూసుకుపోయి వాటిని పక్కలకు తోసేస్తోందని అనుమానం. దాని బదులు పల్చటి అట్టబిళ్ళలు రెండు వేశాడు. సగటు 47కు వచ్చింది. ఆఖరున మందు 65, రవ్వలు 80. సగటు 57. చప్పుడు అన్నిటికన్నా తక్కువ దానిదే. ఈ అంకెలు ఆ ఒక్క తుపాకివి. పక్కన పెట్టిన అలాంటిదే ఇంకో తుపాకికి పనికిరావు, దాని లెక్క దానిదే.

ఇక దూరం. అసలు పని ఇక్కడుంది. ఇప్పుడు వృత్తం వదిలేసి తలా మెడా గీసిన గీత లోపల పడినవే లెక్కపెట్టాను. 20 గజాల దగ్గర మూడు కాగితాల మీద 9, 8, 11. 25 గజాల దగ్గర 6, 5, 7. 30 గజాల దగ్గర 2, 5, 3. సగటు చూస్తే 30 గజాలకు మూడుకు పైనే పడ్డాయి, ఫరవాలేదనిపిస్తుంది. ఆయన సగటు చూడలేదు, ఆ రెండు చిల్లుల కాగితం చూశాడు. "ఈ దెబ్బ తగిలిన పక్షి ఏమవుతుంది?" అన్నాడు. అందుకని అయిదు తగ్గని దూరం 25 గజాలని రాసుకుని, అడవిలో అంచనా తప్పవచ్చు గనక 22 అని నిర్ణయించుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు సగటులు కట్టిన నాకు ఆ మాట బాగా పట్టుకుంది.

వేటకు నేను వెళ్ళలేదు. ఆయన చెప్పిందే చెబుతున్నాను. 22 గజాల దగ్గర ఒక పుల్ల పాతి, చెట్టుకు ఆనుకుని కూర్చుని, పెట్ట కూతను అనుకరించి పిలిచాడు. మొదటి శనివారం ఒక పుంజు వచ్చింది. పుల్లకు చాలా అవతల తోక విప్పుకుని పావుగంట తిరిగింది. ఆయన తుపాకి ఎత్తలేదు. అది వెళ్ళిపోయింది. మే మూడో వారంలో ఇంకొకటి పుల్ల దాటి ఇవతలికి వచ్చింది. ఒక్క దెబ్బ. మాకూ ఒక ముక్క పంపాడు. మా కోడలు అల్లం వెల్లుల్లి దట్టించి వండింది. మాంసం కాస్త ముతక; నాటుకోడికి సాటి రాదని నా అభిప్రాయం.

ఇదంతా విని ఇక్కడి కుర్రవాళ్ళు కొండల్లోకి వెళ్ళాలని చూడవద్దు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మా నాన్నగారి రోజుల్లో కౌజుపిట్టలూ, కుందేళ్ళూ కొట్టినవారున్నారు. ఆ రోజులు వెళ్ళిపోయాయి, పోవడమే మంచిదయింది.

అయినా ఈ తుపాకుల విషయం మన కుటుంబాలకు ఒక రకంగా అవసరమే. మనలో పల్లెటూళ్ళ నుంచి వచ్చినవారి ఇళ్ళలో తాతలనాటి తుపాకి అటక మీదో, గోడకో ఉండవచ్చు. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలాకు మూతితో దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వడానికి వీలుంది. కాని లైసెన్సు మనిషి పేర ఉంటుంది, ఇంటి పేర కాదు. లైసెన్సుదారు పోయినా, గడువు దాటినా, అదే చట్టం 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. వారసులు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2016 నిబంధనల ప్రకారం 70 ఏళ్ళు నిండినవారు, లేదా పాతికేళ్ళు ఆయుధం ఉంచుకున్నవారు, తాము ఉండగానే వారసుడి పేర దరఖాస్తు పెట్టించవచ్చు. మా నాన్నగారు 1987లో పోయినప్పుడు మేము తుపాకి అప్పగించాం. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆయన దాన్ని గోనెగుడ్డలో చుట్టి బస్సులో స్టేషనుకు తీసుకెళ్ళి అప్పగించేవారు గనక ఆ దారి మాకు తెలిసిందే.

ఒక్క విజ్ఞప్తితో ముగిస్తాను. అలాంటి పాత తుపాకి దొరికితే లోపల మందు లేదని అనుకోవద్దు. కాపలాకు దట్టించి, పేల్చకుండానే గోడకు తగిలించినవి ఉంటాయి. పొడిగా ఉన్న మందు ఎన్నేళ్ళయినా అంటుకుంటుంది. పిల్లల్నీ, దీపాన్నీ, చుట్టనూ దూరం పెట్టండి. మూతి ఎవరివైపూ, మీవైపూ ఉండకూడదు. పక్కనుంచి ఒక వెదురు పుల్ల గొట్టంలోకి మెల్లగా అడుగుదాకా పోనిచ్చి, మూతి దగ్గర గుర్తు పెట్టి బయటకు తీయండి. ఆ గుర్తును మూతి దగ్గర ఉంచి, పుల్లను గొట్టం వెంట బయట పెట్టి చూడండి. పుల్ల కొస తుపాకి చెవి దాకా వస్తే ఖాళీ. చెవికి మూడు నాలుగు వేళ్ళు ఇవతలే ఆగిందంటే లోపల దట్టించిన మందు అలాగే ఉంది. దాన్ని ఊడదీసే ప్రయత్నం మీరు చేయవద్దు. తీసుకెళ్ళను కూడా వద్దు; స్టేషనుకు కబురు చేసి, మందు ఉందని ముందే చెప్పి, వాళ్ళనే రమ్మనండి.