కుక్కపిల్ల కుంటుతోంది, ఏ కాలు?



మాది పావగడ. పేరుకు తుమకూరు జిల్లా, ఇటు నడిస్తే మడకశిర, అటు నడిస్తే కళ్యాణదుర్గం. ఇంట తెలుగు, బడిలో కన్నడం. అందుకని మా ఇంటి కుక్కకు కూడా రెండు పేర్లున్నాయి. పిల్లలు కరియా అంటారు, మా అమ్మ నల్లోడా అంటుంది. రెంటికీ తోక ఊపుతుంది. అది కుంటడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఇంట్లో మాటకు తడుముకోలేదు, కుంటడానికి రెండు భాషల్లోనూ ఒకటే మాట కదా.

అప్పటికి దానికి ఎనిమిది నెలలు. ఒకనాడు పొద్దున చెనిక్కాయల చేను నుంచి వచ్చి, ముందరి కాలు ఒకటి ఆనీ ఆనకుండా వాకిట్లో నిలబడింది. పక్కింటి మామ చూసి, "దానికేముందప్పా, ఒళ్లు నొప్పుల మాత్ర అర ముక్క అన్నంలో కలిపి పెట్టు, సాయంత్రానికి పరుగెత్తుతుంది" అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ మాట వినగానే నా గుండె జల్లుమంది. ఆరేళ్ల కిందట ఇంకో కుక్కపిల్లకు నేను చేసింది అదే. మనుషులు మింగే నొప్పి మాత్రే కదా అని ఇచ్చాను. మర్నాడు రక్తం కక్కుకుంది, మూడో రోజున పోయింది. తర్వాత పశువైద్యుడు చెబితే తెలిసింది, ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి అని. పారాసెటమాల్ కూడా మన ఇష్టానికి పెట్టేది కాదు, అది కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. అది కుంటుతూ పోయిన కుక్క కాదు, నా చేతి మాత్రతో పోయిన కుక్క. ఇవాళ ఈ సంగతి మీతో చెప్పాలని కూర్చోవడానికి అసలు కారణం అదే.

కాబట్టి ఈసారి మందు జోలికి పోకుండా ముందు చూడటం మొదలుపెట్టాను. చూడటంలోనూ తప్పు చేశాను లెండి. కుక్కను తాడు పట్టి గట్టి నేల మీద మెల్లగా నడిపిస్తే, అడుగడుక్కీ తల ఊగుతుంది. తల దించిన వైపు కాలే చెడ్డదనుకొని, ఆ పాదాన్ని అరగంట వెతికాను. నిజానికి వ్యవహారం తలకిందులు. నొప్పి కాలు నేలకు ఆనగానే బరువు పడకుండా కుక్క తల పైకెత్తుతుంది. మంచి కాలు మీదికి వచ్చినప్పుడు తల దించుతుంది. వెనక కాళ్లయితే తలను కాదు, తుంటిని చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా పైకి లేస్తుంది.

కాలు తెలిశాక చేతితో తడిమి చూడాలి. ఎంత పెంచిన కుక్కైనా నొప్పికి కరుస్తుంది, అందుకని మూతికి మెత్తని గుడ్డ చుట్టాలి. వాంతి చేసుకుంటున్నా, ఎగశ్వాస పడుతున్నా మాత్రం మూతి కట్టరాదు. మొదట మంచి కాలు తడమండి, అప్పుడే రెండో కాలిలో తేడా తెలుస్తుంది. వేళ్ల సందులు, పాదం మెత్తలు, గోళ్లు, లోపలి వైపు పైన ఉండే ఐదో గోరు వంకర తిరిగి చర్మంలోకి దిగిందేమో, అన్నీ చూసుకుంటూ పైకి రావాలి. మా కరియకు వేళ్ల సందున సర్కారు తుమ్మ ముల్లు దొరికింది. కన్నడంవాళ్లు దాన్నే బళ్లారి జాలి అంటారు. తీసి, గోరువెచ్చని నీళ్లతో కడిగాం. మర్నాటికి మామూలుగా నడిచింది. నాకు గొప్పగానే అనిపించింది.

పది రోజులకు మళ్లీ కుంటింది, ఈసారి వెనక కాలు. ముల్లు కోసం వెతికితే ఏమీ లేదు. సాయంత్రం ట్యూషనుకు వచ్చే ఆరో తరగతి పిల్ల ఒకతె, "మేష్ట్రే, నిన్న అది ఈ కాలు కుంటలేదు, ఆ కాలు" అంది. నేను నమ్మలేదు. బడిలో గమనించి రాయమని పిల్లలకు చెప్పేవాణ్ణి, నా ఇంట్లో నేను గమనించలేదు. ఆ పిల్లకే ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చాను. తేదీ, కాలు, పొద్దునా సాయంత్రమా, తిండి తిన్నదా లేదా అని రాసింది. ఐదు రోజుల్లో మూడు కాళ్లు మారాయి. పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉండటం, అన్నం సగం వదిలేయటం కూడా అందులో ఉన్నాయి.

ముల్లయితే కాలు మారదు. పుస్తకం, కుక్క రెండూ తీసుకొని తాలూకా పశువైద్యశాలకు వెళ్లాను. డాక్టరుగారు ఆ పుస్తకం రెండుసార్లు తిప్పి చూసి, కుక్క చెవుల లోపల వేలు పెట్టారు. పిడుదులు! కొందరు గోమార్లంటారు, కన్నడంలో ఉణుగు. నేను రోజూ కాళ్లే చూస్తున్నాను, చెవులు చూడలేదు. జ్వరం 104 డిగ్రీలు ఉంది. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, ముక్కు తడిగా ఉందా లేదా అని చూస్తే జ్వరం తెలియదు. చిగుళ్లు కూడా పాలిపోయి ఉన్నాయి. రక్తపు చుక్క పరీక్షించి, పిడుదుల జ్వరం అన్నారు. ఆ పురుగు కుట్టినప్పుడు రక్తంలో చేరే సూక్ష్మజీవి కీళ్లను వాపెక్కిస్తుంది, అందుకే ఒకనాడు ఒక కాలు, ఒకనాడు ఇంకో కాలు.

ఐదు నెలల నుంచి ఏడాదిన్నర లోపు పెద్ద జాతి పిల్లలకు ఎముకలు ఎదిగే నొప్పితో కూడా ఇలా కాళ్లు మారుతాయట, అది చాలావరకు తానే తగ్గుతుంది. ఉత్త అన్నం, మజ్జిగ, లేదా ఉత్త మాంసం మీద పెరిగిన పిల్లలకు సున్నం చాలక ఎముకలు వంగుతాయి. ఏది ఏదన్నది డాక్టరే తేల్చాలి. కాలు అసలు నేల పెట్టకపోతే, వాచి వంకరగా ఉంటే ఆ రోజే వెళ్లండి. కుక్క ప్రవర్తన మారి, చొంగ కారుస్తూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ ఉంటే మూతిలో చెయ్యి పెట్టకండి, అది పిచ్చి వ్యాధి కావచ్చు. కరిచినా గీరినా సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి పోవాలి. మీ ఊళ్లో పశువైద్యుడు దగ్గర లేకపోతే 1962 నంబరుకు ఫోను చేసి అడగండి.

కరియకు డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు రాశారు. నాలుగో రోజుకే గెంతులు వేసింది. ఇక చాలని మా అమ్మ అంటే, ఆపితే జబ్బు మళ్లీ తిరగబెడుతుందన్న డాక్టరు మాట చెప్పి, ఇరవై ఎనిమిది రోజులూ తిండితోపాటు వేశాను. పిడుదులను కిరోసిన్ పోసి, నిప్పంటించి తీయకండి, వేళ్లతో నలపకండి. చిమటాతో చర్మం దగ్గర పట్టుకొని నిటారుగా లాగాలి. ఒంటి మీద తీసేస్తే అయిపోదు, ఇది గోడలెక్కే రకం, నెర్రెల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మా పాత ఇంటి గోడ నెర్రెలన్నీ సిమెంటు పెట్టి పూడుస్తున్నాం. పిల్లలు లెక్కపెడుతున్నారు, సగం పైన మిగిలే ఉంది. నోటుపుస్తకం ఇంకా నడుస్తోంది. వచ్చే ఆదివారం కొట్టం వైపు గోడ పెట్టుకున్నాం.