గుర్రం చెవులు గమనించండి

రేపు మన బెల్లంపల్లి పిల్లలెవరైనా ఐపీఎస్‌కు ఎంపికైతే హైదరాబాద్‌ శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో గుర్రపుస్వారీ నేర్చుకుంటారు. అందుకే గుర్రాన్ని అడ్డంకులు దూకించడం గురించి ఈ నాలుగు మాటలు.

బయలు మీద గుర్రంతో దుంగలు, గట్లు, నీటి గుంతలు దూకిస్తూ సాగేది క్రాస్ కంట్రీ. అది ఈవెంటింగ్ పోటీలో ఒక భాగం. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన రౌతు రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్‌లోనే స్వర్ణం గెలిచారు.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అది దాదాపు చుట్టూరా చూస్తుంది. నుదుటికి మరీ దగ్గరగా ఉన్నదీ, సరిగ్గా వెనకాల ఉన్నదీ మాత్రం దానికి కనపడవు. పక్కన ఓ కవరు ఎగిరినా ధ్యాస అటే పోతుంది. అది మొండితనం కాదు, పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. దానికి కొరడా ఎత్తడం అన్యాయం.

దాని ధ్యాస ఎటుందో చెవులు చెబుతాయి. అవి అడ్డంకి వైపు నిలిస్తే మనసు అక్కడుందన్నమాట. పక్కకు తిరిగితే వేగం తగ్గించండి, నడిపించండి, మళ్లీ పరుగెత్తించండి. ఈ మార్పులతో అది మీ మాట వినడం మొదలుపెడుతుంది. తర్వాత అడ్డంకికి తిన్నగా తీసుకెళ్లండి. తల ఎత్తి చూసుకునేంత కళ్లెం వదలండి, మీ చూపు ముందుకే ఉంచండి. ఎండలోంచి నీడలోకి దూకేచోట మరింత నెమ్మదించండి. గుర్రం కళ్లు చీకటికి అలవాటు పడటానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. కొత్త గుర్రాన్ని మాత్రం చిన్న దుంగలతోనే, శిక్షకుడి సమక్షంలోనే దూకించండి.