అవసరానికి పుట్టిన రసాయనాలు



బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పని కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు ఈ పట్టభద్రుల సభలో ఉన్నారు. అందుకే తెలుగులో మాట్లాడతాను.

తొలకరికి ఇక్కడి ఎర్రమట్టి వాసన మీకు తెలియనిది కాదు. ఆ వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే రసాయనం. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది, మన ముక్కు కోసం కాదు లెండి. ఆ వాసనకు స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిట్టి జీవులు వచ్చి, ఆ బాక్టీరియా సిద్ధబీజాలను మరోచోటికి మోసుకుపోతాయని 2020లో తేలింది. తిండి తగ్గినప్పుడు అదే బాక్టీరియా పొరుగు సూక్ష్మజీవులను అణిచే రసాయనాలు కూడా చేస్తుంది.

అలాంటిదొకటి మందుగా మారిన చోట పరిశోధనకు పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన డైరెక్టర్. అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరి పొలం మట్టి నుంచి బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్‌ను వేరుచేశారు. డగ్గర్ ప్రొఫెసర్‌గా రిటైరై, డెబ్బై దాటాక లెడర్లీలో చేరిన మనిషి. ప్లేస్‌మెంట్ ఆలస్యమైందని దిగులుపడేవాళ్ళు గమనించగలరు. ఆ స్ట్రెప్టోమైసిస్ చేసే మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌లలో అదే మొదటిది. సుబ్బారావు పోయిందీ ఆ ఏడాదే.

మొక్కలూ ఇలాంటి రసాయనాలను తమ అవసరానికే చేసుకుంటాయి. సహజం కాబట్టి మంచిదేననే ప్రకటనలను నేను నమ్మను. ఆముదం గింజలోని రైసిన్ విషమూ సహజమే. ఇక నన్నారి షర్బత్‌కు కమ్మదనమిచ్చే సుగంధిపాల వేరు సంగతి. అందులోని పరిమళం వెనిలిన్‌కు తోబుట్టువు. పరమాణువులు అన్నీ అవే, అమరిక వేరు. ఇక్కడి ఐఐటీలో ఆదిన్‌పుణ్య మిత్ర బృందం ఆ వేళ్ళను ప్రేరకాలతో ఉసిగొల్పి చూసింది. శత్రువు వచ్చిందనుకున్నట్టుగా వేళ్ళు పరిమళాన్ని ఎక్కువగా పోగుచేశాయి. దానికి ముడిసరుకు షికిమేట్ మార్గం నుంచి వస్తుంది. ఆ మార్గం మొక్కలకు, ఎన్నో సూక్ష్మజీవులకు ఉంది, మనకు లేదు. అందుకే ఫెనిలాలనిన్ లాంటివాటిని మనం తిండిలోంచే తెచ్చుకోవాలి.

ఒక చిక్కుంది. వేరు కోసం తవ్వితే సుగంధిపాల మొక్కే పోతుంది. వేళ్ళను మాత్రమే పోషక ద్రవంలో పెంచే పద్ధతులున్నాయి. అయితే ఫ్లాస్కులో పెరిగింది పెద్ద ట్యాంకులోనూ పెరగాలి, గాలి అందాలి, ధర అడవి వేరుతో పోటీపడాలి. మీలో బయోటెక్నాలజీ చదివినవాళ్ళు ఆ లెక్కతో మొదలుపెట్టవచ్చు.