చలికి పైపులు పగలకుండా: ముందు మీ ఇంట్లో మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూడండి!

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా టెక్సస్‌లో ఉంటున్న మన తెలుగు వాళ్ల కోసం. డిసెంబర్‌లో ఇండియాకి టికెట్ బుక్ చేసుకున్నారా? అయితే చివరిదాకా వినండి.

2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుపాను గుర్తుందా? 16వ తేదీన డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో దాదాపు మైనస్ 19! కరెంటు పోయింది, హీటర్లు ఆగిపోయాయి, ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. వేడి ప్రాంతమే కదా అని అక్కడ చాలా ఇళ్లకు పైపులు అటక మీద నుంచి, బయటి గోడల్లోంచి వేశారు మరి.

అప్పుడు మేం నలుగురం ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ట్యాప్ తిప్పితే చుక్క రాలేదు. "గడ్డకట్టినట్టుంది, ఎండొస్తే కరుగుతుందిలే" అనుకున్నాం. కరిగింది. కరిగాకే అసలు సినిమా మొదలైంది! సీలింగ్‌లోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో నలుగురిలో ఒక్కడికీ తెలీదు. వెతికి కట్టేసేలోపు పరుపులు, ల్యాప్‌టాప్‌లు, నా సర్టిఫికెట్ల ఫైలు... అన్నీ తడిసి ముద్ద.

అసలు పైపు ఎందుకు పగులుతుంది? నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. కానీ చాలాసార్లు పైపు ఐస్ ఉన్నచోటే పగలదు. ఐస్‌కీ, మూసిన ట్యాప్‌కీ మధ్య నీళ్లు ఇరుక్కుంటాయి. ఐస్ పెరిగేకొద్దీ వాటి మీద ప్రెషర్ పెరిగి పైపు పగులుతుంది. అందుకే గట్టి చలి రాత్రుల్లో ట్యాప్ సన్నగా వదలమంటారు. ప్రెషర్‌కి ఒక దారి దొరుకుతుంది. బయటి గోడకున్న ట్యాప్ వదలండి, వేడినీళ్ల వైపూ చన్నీళ్ల వైపూ రెండూ.

ఇంకేం చేయాలి? బయటి ట్యాప్‌కున్న గార్డెన్ హోస్ తీసేసి, ట్యాప్‌కి కవర్ తొడగండి. సింక్ కింద క్యాబినెట్ తలుపులు తెరిచి ఉంచితే గదిలో వేడి పైపులకు తగులుతుంది.

ఇక ఇండియా వెళ్లేవాళ్లు! బిల్లు మిగులుతుందని హీటర్ మొత్తం ఆపేయకండి. కనీసం 55 ఫారెన్‌హీట్ మీద పెట్టండి. సొంత ఇల్లయితే మెయిన్ వాల్వ్ కట్టేసి, ట్యాపులు తిప్పి పైపుల్లో మిగిలిన నీళ్లు వదిలేయండి. అపార్ట్‌మెంట్ అయితే ముందే ఆఫీసులో అడగండి. ఇంటి తాళం ఒక నమ్మకమైన ఫ్రెండ్‌కి ఇచ్చి వెళ్లండి.

ఒకవేళ గడ్డకట్టేసిందా? ట్యాప్ తెరిచి ఉంచి, హెయిర్ డ్రయ్యర్‌తో ట్యాప్ వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా వేడి చేయండి. నిప్పు మాత్రం అస్సలు పెట్టొద్దు! పగిలిందని తెలిస్తే ముందు మెయిన్ వాల్వ్ కట్టేయండి, తర్వాతే ఫోన్లు.

ఆ వాల్వ్ గ్యారేజీలో ఉండొచ్చు, రోడ్డు పక్కన మీటర్ బాక్సులో ఉండొచ్చు. ఈ వీడియో అయిపోగానే లేచి వెతకండి. దొరికాక ఫోటో తీసి మీ రూమ్మేట్స్ గ్రూపులో పెట్టండి. ఆ రోజు మా గ్రూపులో అలాంటి ఫోటో ఒక్కటుంటే చాలు, నా సర్టిఫికెట్లు తడిసేవి కావు. ఉంటా మరి, జాగ్రత్త!